కరీంనగర్ ఇసుక ఈగ పేరేమిటి?

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల వార్డులు అల్లాడిపోయాయి. ఉన్నట్టుండి జ్వరం, ఆ వెంటనే వాంతులు, ఫిట్స్, ఒకటి రెండు రోజులు తిరక్కుండానే కోమా. చాలామంది పిల్లలు ఆసుపత్రికి చేరిన ఇరవై నాలుగు గంటల్లోపే చనిపోయారు. తర్వాత లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది దక్కలేదు. అంటే సగానికి పైగా. మన దగ్గర మెదడువాపు అనగానే దోమ, పంది, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తొస్తాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది మాత్రం చాందీపురా వైరస్. ఇంత వేగంగా ప్రాణం తీసేది నిజంగా వైరసేనా అని కొందరు వైద్యులు వాదించారు కూడా. ఆ వాదన కొన్నేళ్లు నడిచింది.

వైరస్ కొత్తదేమీ కాదు. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్లో, జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో దొరికింది. ఊరి పేరే దానికి పెట్టారు. రేబిస్ వైరస్‌ది కూడా ఇదే కుటుంబం. దీన్ని మోసేది దోమ కన్నా చిన్నదైన ఇసుక ఈగ అన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో పట్టిన ఇసుక ఈగల్లో ఈ వైరస్ దొరికిందని 1970లోనే ప్రకటించారు. 2003 విషాదం తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన ఈగల్లోనూ దాని జాడ కనిపించిందని 2005లో శాస్త్రవేత్తలు రాశారు. 2014లో నాగపూర్ ఈగల నుంచి మళ్లీ వైరస్‌ను వేరుచేశారు.

ఈ చివరి రెండు పరిశోధనా పత్రాల శీర్షికలు చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కరీంనగర్ పత్రం 'సెర్జెంటోమియా ప్రజాతికి చెందిన ఇసుక ఈగలు' అంటుంది. నాగపూర్ పత్రం 'సెర్జెంటోమియా జాతులు' అంటుంది. ఆ ప్రజాతిలో మన దేశంలోనే పదుల కొద్దీ జాతులున్నాయి. వాటిలో ఏది? సమాధానం అక్కడితో ఆగిపోయింది. ఇంటిపేరు తెలిసింది, మనిషి పేరు తెలియలేదు. ఊళ్లో అదే ఇంటిపేరున్న వాళ్లు పాతిక మంది ఉంటే కానిస్టేబుల్ ఎవరి తలుపు తట్టాలి?

ఇరవయ్యేళ్లు దాటిన తర్వాత కూడా ఈ ప్రశ్నను అడగాల్సి రావడం తెలుగు రాష్ట్రాలకు గౌరవం కాదు. అప్పట్లో జవాబు చెప్పడం కష్టం, ఇప్పుడు ఆ సాకు చెల్లదు. ఒక ఈగ కాలు ముక్క నుంచి డీఎన్ఏ తీసి జాతి పేరు చెప్పే పద్ధతి ప్రపంచమంతా వాడుకలో ఉంది. మన పక్కనే పుదుచ్చేరిలో ఉంది. హైదరాబాద్‌లో అలాంటి పనే వేరే జంతువుల కోసం ఏనాటి నుంచో జరుగుతోంది.

ముందు ఆ పురుగును ఒకసారి దగ్గరగా చూడాలి. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఒళ్లంతా నూగు. వాలినప్పుడు రెక్కలు ముడుచుకోదు, 'వి' ఆకారంలో పైకెత్తి ఉంచుతుంది. దోమలా గుయ్యిమనదు, చప్పుడే ఉండదు. ఎక్కువ దూరం ఎగరలేదు, గోడ మీద గెంతులు వేస్తున్నట్టు కదులుతుంది. పగలు మట్టిగోడ పగుళ్లలో, గొడ్ల కొట్టంలో, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో దాక్కుంటుంది. నీళ్ల గుంటలతో దానికి పనిలేదు. పేడ, ఆకులు కుళ్లి తేమగా ఉన్న మట్టిలోనే గుడ్లు పెడుతుంది. కాబట్టి కొబ్బరి చిప్పలు బోర్లించినా, డ్రమ్ముల మీద మూతలు పెట్టినా ఇది తగ్గదు. దోమ మీద ప్రచారానికి రాసిన కరపత్రాన్నే దీనికీ పంచితే ఫలితం ఉండదన్నమాట. కుట్టేది ఆడ ఈగ ఒక్కటే.

ప్రపంచంలో ఇవి దాదాపు వెయ్యి జాతులు. మన దేశంలో అరవైకి పైగా ఉన్నాయి. వీటిని వేరు చేసి చెప్పే విద్య బ్రిటిష్ కాలం నాటిది. భారత జంతు సర్వేక్షణ సంస్థకు తొలి డైరెక్టర్ అయిన నెల్సన్ ఆనండేల్ 1908, 1910 ప్రాంతాల్లో కొన్నింటికి పేర్లు పెట్టాడు. ఆయన ఒకదానికి ఏకంగా 'బాబు' అని పేరు పెట్టాడు. సెర్జెంటోమియా బాబు ఇప్పటికీ ఆ పేరుతోనే పట్టికల్లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న సైనిక వైద్యుడు జాన్ సింటన్, ఆ తర్వాత ఏళ్ల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని మన దేశపు ఇసుక ఈగల వివరాలు రాశాడు. నేటికీ ఆ పని పునాదిగా నిలిచే ఉంది.

ఆ పని ఎలా ఉంటుందంటే, ముందు ఈగను కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి లోపలి మెత్తని కండంతా కరిగిపోనివ్వాలి. పైపెంకు పారదర్శకం అయ్యాక సన్నని సూదులతో తల కోసి, గాజు పలక మీద వెల్లకిలా పెట్టాలి. నోటి లోపల ఒక వరుస పళ్లుంటాయి. అవి ఎన్ని, ఏ ఆకారంలో ఉన్నాయి, వరుస వంపు ఎటు తిరిగింది అన్నది చూడాలి. పొట్ట చివర, వీర్యాన్ని దాచుకునే బుల్లి సంచి ఉంటుంది. ఫ్లెబటోమస్ అనే మరో ప్రజాతిలో అది కణుపులు కణుపులుగా ఉంటుంది, సెర్జెంటోమియాలో చాలావాటికి నున్నగా ఉంటుంది. ఆ సంచి కాస్త నలిగినా, నోటి పళ్ల మీద చెత్త పడినా పేరు చెప్పడం కష్టం. మగ ఈగలకైతే పొట్ట కొసన కొక్కేల్లాంటి అవయవాలు బయటికే స్పష్టంగా ఉంటాయి, గుర్తించడం తేలిక. అవి కుట్టవు. కుట్టేవాటినే గుర్తుపట్టలేకపోవడం ఈ రంగంలో పాత తలనొప్పి. ఈ పని చెయ్యగల నిపుణులు తగ్గిపోతున్నారన్న దిగులుతోనే కేంద్ర పర్యావరణ శాఖ 1999లో వర్గీకరణ శాస్త్రానికి ఒక జాతీయ పథకం పెట్టింది. దిగులు మాత్రం తీరలేదు. గాజు పలక ముందు పదేళ్లు కూర్చోవడానికి సిద్ధపడే విద్యార్థికి ఆ పదేళ్ల తర్వాత ఉద్యోగం ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు మరి.

కొత్త పద్ధతి వచ్చింది ఈ ఇబ్బంది నుంచే. కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ 2003లో ఒక ప్రతిపాదన చేశాడు. జంతువుల కణాల్లో మైటోకాండ్రియా అనే భాగానికి సొంత డీఎన్ఏ ఉంటుంది. అందులో సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివితే చాలు, అది ఏ జాతో చెప్పవచ్చన్నాడు. ఒకే జాతిలోని ప్రాణుల మధ్య ఆ ముక్కలో తేడాలు అతి స్వల్పం, వేరే జాతులైతే తేడాలు ఎక్కువ. దీనికే డీఎన్ఏ బార్‌కోడింగ్ అని పేరు. ఈగ కాలో, ఛాతీ ముక్కో తీసి డీఎన్ఏ రాబట్టి, పీసీఆర్ యంత్రంలో పెడతారు. వేడి, చల్లదనం మార్చి మార్చి ఇస్తే ప్రతి విడతకూ ఆ ముక్క రెట్టింపు అవుతుంది. ముప్పై విడతల్లో ఒక్కటి వంద కోట్లకు చేరుతుంది. ఆ తర్వాత అక్షరాల వరుస చదివి, పేరు తెలిసిన ఈగల వరుసలతో పోల్చి చూస్తారు. అంతే.

పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ శాస్త్రవేత్తలు భారతీయ ఇసుక ఈగల మీద ఈ పని చేసి 2012లో ప్రచురించారు. రూపం చూసి పెట్టిన పేర్లూ డీఎన్ఏ చెప్పిన పేర్లూ చాలావరకు కలిశాయి. అంటే సింటన్ కాలపు వాళ్లు గుడ్డిగా పని చెయ్యలేదని యంత్రం కూడా ఒప్పుకుంది. ఇక్కడ ఒక పనితనం చెప్పుకోవాలి. తెలివైన ప్రయోగశాలలు ఈగనంతా డీఎన్ఏ కోసం నలిపెయ్యవు. తల, పొట్ట కొస గాజు పలక మీదికి, మధ్య భాగం గొట్టంలోకి వెళ్తాయి. రేపు ఎవరైనా పేరు తప్పన్నా తీసి చూపించడానికి ఆధారం మిగులుతుంది.

ఇంతా చేసి పేరు తెలిస్తే ఒరిగేదేమిటి, మందు కొడితే అన్నీ చస్తాయి కదా అని అడిగేవాళ్లుంటారు. 2024 వానాకాలంలో గుజరాత్‌లో చాందీపురా మళ్లీ విరుచుకుపడినప్పుడు అక్కడ చేసింది అదే. హిమ్మత్‌నగర్ ఆసుపత్రిలో మొదలైన కేసులు జిల్లాలు దాటి పాకాయి. గ్రామాల్లో మలాథియాన్ పొడి చల్లారు. ఆ ఏడాది జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు 15 వరకు దేశంలో 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయనీ, వాటిలో 64 కేసుల్లో చాందీపురా నిర్ధారణ అయిందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇరవయ్యేళ్లలో ఇదే పెద్ద విజృంభణ. పిల్లలు చనిపోతుంటే పొడి చల్లకుండా ఎవరూ కూర్చోలేరు, కూర్చోకూడదు కూడా. కాకపోతే ఎక్కడ చల్లాలో, ఎప్పుడు చల్లాలో పొడి చెప్పదు.

ఇందుకు ఇసుక ఈగే మోసే మరో జబ్బు కాలా అజార్ మంచి ఉదాహరణ. దాన్ని మోసేది ఫ్లెబటోమస్ అర్జెంటిపెస్ అని 1942లోనే, అస్సాంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషులను ఆ ఈగలతో కుట్టించి, స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు నిరూపించారు. పేరు తెలిసింది కాబట్టే బిహార్‌లో గోడలకు ఆరడుగుల ఎత్తు దాకా డీడీటీ కొట్టే విధానం వచ్చింది. ఈ ఈగ ఎత్తుకు పోదు, గోడ కిందిభాగంలోనే గెంతుతుందన్న లెక్క అది. ఆ తర్వాత బిహార్ పల్లెల్లో పరిశోధకులు తాటిచెట్ల మొవ్వుల్లోనూ వలలు పెట్టి చూస్తే ఈగలు అక్కడా దొరికాయి. డీడీటీకి అవి అలవాటు పడిపోయాయని తేలాక 2015 తర్వాత వేరే రసాయనానికి మారారు. ఆ నిరోధకతకు కారణమైన జన్యుమార్పులను పట్టిచ్చింది కూడా పీసీఆరే. కాలా అజార్ కేసులు 2011లో 33 వేలకు పైగా ఉంటే 2023 నాటికి వెయ్యి లోపుకు దిగాయి. త్వరగా తేల్చే పరీక్ష, ఒకే మోతాదు మందు ఇందులో పెద్ద పాలే పంచుకున్నాయి, ఘనతంతా పిచికారీది కాదు. పేరూ అలవాట్లూ తెలిసిన ఈగతోనే ఇన్ని తంటాలు పడ్డాం. పేరే తెలియనిదాని సంగతి వేరే చెప్పాలా?

చాందీపురా కథలో అనుమానితులు ఒకరు కాదు. ఫ్లెబటోమస్ పాపటాసి ఇళ్లలోనే ఉంటుంది, మనిషిని కుడుతుంది. ఈ వైరస్‌ను తన గుడ్ల ద్వారా పిల్లలకు కూడా అందించగలదని ప్రయోగశాలలో 1983లోనే చూపించారు. అయినా కరీంనగర్ ఈగల్లో వైరస్ జాడ దొరికింది సెర్జెంటోమియాలో. ఈ ప్రజాతికి బల్లులు, తొండల రక్తం ఇష్టమని పుస్తకాల్లో రాసి ఉంది. బల్లిని కుట్టే ఈగ పసిపిల్ల మెదడు దాకా వైరస్‌ను ఎలా చేర్చింది? అందులో మనిషిని కుట్టే జాతి ఏదో ఉండి ఉండాలి. లేదంటే సెర్జెంటోమియా ఊళ్లో వైరస్‌ను చలామణిలో ఉంచుతుంటే, మనిషికి అంటించేది ఇంకొకటి. ఈ రెండింటిలో ఏది నిజమన్నదాన్ని బట్టి చెయ్యాల్సిన పని మారిపోతుంది. మొదటిదైతే ఆ జాతి దాక్కునే పుట్టలు, గోడ పగుళ్ల మీద దృష్టి పెట్టాలి. రెండోదైతే ఇంట్లో మంచం కింద ఉన్న పాపటాసి మీద. ఊహించుకుంటూ కూర్చోవాల్సిన అవసరం లేదు. పట్టిన ఈగ పొట్టలో ఉన్న రక్తం బొట్టు నుంచి కూడా డీఎన్ఏ తీయొచ్చు. అది మనిషిదా, గేదెదా, బల్లిదా అన్నది తేలిపోతుంది. ఒకే ఈగ నుంచి దాని పేరు, అది చివరగా ఎవరిని కుట్టింది, దాని ఒంట్లో వైరస్ ఉందా లేదా అన్న మూడు సమాధానాలూ వస్తాయి. ఇంత వివరం సింటన్‌కు గాజు పలక ఎన్నడూ ఇవ్వలేదు.

మలేరియా చరిత్రలో ఈ పాఠం ఎప్పుడో వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసినప్పుడు ఆ దోమ జాతి పేరు ఆయనకు తెలియదు, 'మచ్చల రెక్కల దోమ' అని రాసుకున్నాడు. తర్వాతి తరాలు మన పల్లెల్లో మలేరియాకు ముఖ్య వాహకం అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అని తేల్చాయి. 1980 నుంచి క్రోమోజోములు చూస్తూ పోతే అది ఒకటి కాదని, కంటికి ఒక్కలాగే కనిపించే అయిదు సోదర జాతుల గుంపని బయటపడింది. వాటిలో 'బి' అనే జాతి మలేరియాను అంతగా మోయదు. అదొక్కటే ఉన్న ఊళ్లో దోమల సంఖ్య చూసి బెదిరిపోయి మందు కొడితే ఖర్చే మిగులుతుంది. ఇసుక ఈగల్లోనూ అర్జెంటిపెస్ మూడు జాతుల గుంపు అయ్యుండొచ్చని 2010లో భారతీయ పరిశోధన ఒకటి వాదించింది. కొమ్మీసల మీద ఉండే అతిచిన్న ముళ్ల పొడవు ఆ వాదనకు ఆధారం. అర్జెంటిపెస్ దక్షిణాదిలో ఎక్కువగా పశువుల కొట్టాల్లో కనిపించే ఈగ. బిహార్‌లో ఉన్నదీ ఇదీ ఒకటేనా కాదా అన్నది కేవలం పండితుల చర్చ కాదు.

డీఎన్ఏ పద్ధతిని మంత్రదండంలా అమ్మే మాటలూ వినిపిస్తున్నాయి, వాటిని నమ్మితే కూడా నష్టమే. అక్షరాల వరుస చదవడం తేలికే. దాన్ని పోల్చడానికి పేరు ఖాయమైన ఈగ ఒకటి ముందే ఖజానాలో ఉండాలి. లేకపోతే చేతిలో ఉండేది 658 అక్షరాల చీటీ మాత్రమే. అంతర్జాతీయ డేటాబేసుల్లో తప్పు పేరుతో చేరిన వరుసలు కూడా ఉంటాయి, అలాంటిదానితో పోలిస్తే తప్పే వస్తుంది. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఎప్పుడో కేంద్రకంలోకి వెళ్లి అక్కడ పాడైపోయి ఉంటాయి, యంత్రం పొరపాటున వాటిని చదవొచ్చు. బ్రెజిల్‌లోని లుట్జోమియా లాంగిపాల్పిస్ అనే ఇసుక ఈగ సంగతి ఇంకా చిత్రం. అందులోని సోదర జాతులను వేరు చెయ్యడానికి డీఎన్ఏతో పాటు మగ ఈగలు జత కట్టేటప్పుడు రెక్కలతో చేసే పాటను, అవి వదిలే వాసనను కూడా పరిశీలించాల్సి వచ్చింది. అందుచేత యంత్రం వచ్చింది కదా అని వర్గీకరణ నిపుణుడిని ఇంటికి పంపడం కుదరదు. ఖజానాలో ఈగకు పేరు రాసేది ఆ నిపుణుడే.

మన దగ్గర ఏం లేదు? హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో, అటవీ అధికారులు పట్టుకున్న మాంసం ముక్క జింకదా మేకదా అని డీఎన్ఏతో తేల్చే విధానం 2003లోనే ప్రచురితమైంది. ఆనవాలు లేని మాంసం ముక్కనైనా చూసి జంతువు పేరు కోర్టుకు చెప్పగల నగరం మనది. సరిగ్గా ఆ ఏడాదే కరీంనగర్, వరంగల్ జిల్లాల పిల్లలను చంపిన వైరస్‌ను మోసిన ఈగకు పేరు పెట్టలేకపోయాం. కొవిడ్ కాలంలో ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఆర్టీపీసీఆర్ యంత్రాలొచ్చాయి, వాటిని నడపగల సాంకేతిక సిబ్బంది తయారయ్యారు. వరంగల్‌లో కాకతీయ, హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలున్నాయి. విడివిడిగా అన్నీ ఉన్నాయి, వీటిని కలిపే కాగితం మీద సంతకమే లేదు. ఇక జబ్బు అరుదు కదా, దీనికింత హడావుడి ఎందుకు అన్న వాదన ఒకటి. సగానికి పైగా పిల్లలను తీసుకుపోయిన జబ్బు విషయంలో 'అరుదు' అన్న మాట తల్లిదండ్రుల ముందు అనగలిగిన అధికారి ఉంటే చూడాలి.

చెయ్యాల్సింది భారీ ప్రాజెక్టు కాదు. 2003లో దెబ్బతిన్న జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఎంచుకుని, ఎండాకాలం చివర్లో మొదలుపెట్టి వానలు తగ్గేదాకా నెలనెలా ఈగలు పట్టాలి. పట్టడానికి మన పల్లె వస్తువులే చాలు. దళసరి కాగితానికి ఆముదం పూసి సాయంత్రం గోడ పగుళ్ల దగ్గర కర్రకు గుచ్చి ఉంచితే, తెల్లారేసరికి ఈగలు అంటుకుని ఉంటాయి. ఇసుక ఈగల పరిశోధనలో ఇది చాలా పాత పద్ధతి, ఇప్పటికీ వాడుతున్నారు. దాంతోపాటు కొట్టంలో బ్యాటరీ దీపం వల ఒకటి. జాతి పేరు కోసం అయితే ఆల్కహాల్‌లో వేసి పంపొచ్చు. వైరస్ కోసం అయితే ప్రాణంతో ఉన్నప్పుడే గడ్డకట్టించి, ఆ చల్లదనం తెగకుండా ప్రయోగశాలకు చేర్చాలి. మే, జూన్ ఎండల్లో పల్లె నుంచి జిల్లా కేంద్రానికి ఆ చల్లదనాన్ని కాపాడటమే ఈ మొత్తం వ్యవహారంలో నిజమైన కష్టం, డబ్బు ఖర్చయ్యేదీ అక్కడే.

వైరస్ పరీక్షకు ఈగలను ఒక్కొక్కటిగా కాకుండా పదుల సంఖ్యలో కలిపి రుబ్బుతారు. వైరస్ ఉన్న ఈగలు చాలా అరుదు కాబట్టి, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తే ఖర్చు, శ్రమ మోయలేనంత అవుతాయి. అలా రుబ్బిన ముద్దలో వైరస్ దొరికినా, అది ఏ జాతి ఈగ నుంచి వచ్చిందో చెప్పలేం. ఆ ముద్ద నుంచే అందులో ఉన్న అన్ని జాతుల పేర్లనూ ఒకేసారి చదివే పద్ధతి ఇప్పుడుంది. అదొక జాబితా ఇస్తుంది, దోషి ఫలానా అని మాత్రం చెప్పదు. అందుకని రుబ్బే ముందు ఒక్కో ఈగ నుంచి ఒక కాలు తీసి విడిగా నంబరు వేసిన గొట్టంలో దాచాలి. ముద్దలో వైరస్ ఉందని తేలితే ఆ కాళ్ల డీఎన్ఏ చదవాలి. ముద్దలో ఎన్ని జాతులు కలిసినా, చిన్న చిన్న ముద్దలు చేస్తే పేరు చాలా దగ్గరికి వస్తుంది. ఈ పనికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. సన్నని పట్టకారు, లేబుల్ రాసిన గొట్టాలు, సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం వచ్చిన కీటక శాస్త్రవేత్త కావాలి. ఆ కీటక శాస్త్రవేత్తకు కాంట్రాక్టు తీరిపోగానే ఇంటికెళ్లిపోయే కొలువు కాకుండా, ఇంకో విజృంభణ వచ్చేదాకా అదే కుర్చీలో ఉండే పోస్టు జిల్లాకొకటి మంజూరు చెయ్యాలి.